జయగీతంలో పాడని చరణం

గోదావరికి ఉత్తరాన, దుమ్ముగూడెం, చర్ల ప్రాంతాల అడవి పల్లెలలో ఇప్పపూలు రాలే కాలమూ, క్రైస్తవుల పునరుత్థాన పండుగా ఇంచుమించు ఒకే రోజులలో వస్తాయి. ఇప్పపువ్వు రాత్రివేళ విచ్చి తెల్లవారుజామున నేల రాలుతుంది. పశువులు తినకముందే, ఎండ ఎక్కకముందే ఏరుకోవాలి. అందువల్ల కోయ స్త్రీలు కోడికూత వేళకే గంపలు చంకన పెట్టుకొని చెట్ల కిందికి చేరుకుంటారు. ఎండుటాకులు తగులబెట్టి శుభ్రం చేసుకున్న నేల మీద పూలు ముత్యాల వలె కనిపిస్తాయి. సరిగ్గా అదే వేళకు, ఆ పల్లెలలోని క్రైస్తవ కుటుంబాలు కొవ్వొత్తులు పట్టుకొని సమాధుల తోటకు నడుస్తాయి. తమ వారి సమాధుల మీద దీపాలు నిలిపి, మృత్యువు ఓడిపోయిందని, దుష్టత్వానికి అంతిమ పరాజయం తప్పదని, జయం దేవునిదని పాడతారు. తెలుగునాట ఏ మూల చూసినా క్రైస్తవ సంఘాలలో ఈ వాడుక కనిపిస్తుంది. కాని ఈ అడవి అంచున ఆ పాటకు వేరొక బరువు ఉన్నది.

ఆ బరువు ఏమిటో తెలియాలంటే, చర్ల దాటి రాష్ట్ర సరిహద్దుకు ఆవల ఉన్న కిష్టారాన్ని తలచుకోవాలి. నేటి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో, సుక్మా జిల్లా కుంట ప్రాంతంలో ఉన్న ఈ పల్లె పేరు తెలుగు చెవికి కొత్తది కాదు. అక్కడి దోర్లాలు, ఇవతలి కోయలు ఒకే భాషా కుటుంబానికి, ఒకే బంధుత్వ వలయానికి చెందినవారు. పెండ్లి సంబంధాలు, అంగళ్లు, జాతరలు సరిహద్దు గీతను ఎన్నడూ లెక్కచేయలేదు. బస్తరు రాజవంశం తాను ఓరుగల్లు కాకతీయుల శాఖనని చెప్పుకొన్నది. 1323లో ఓరుగల్లు పతనమైన పిదప అన్నమదేవుడు అడవి దారిన వచ్చి అక్కడ రాజ్యం నిలిపాడని పరంపరగా వస్తున్న కథనం. కనుక తెలుగువారికి బస్తరు పరాయి సీమ కాదు, మరచిపోయిన పెరడు.

ఈ పెరడు ఎన్నో విజయ ఘోషలు విన్నది. 1879లో రంపలో పుట్టిన తిరుగుబాటు రేకపల్లి అడవులకు పాకింది. 1910లో గుండాధూర్ పేరుతో ముడిపడిన భూమ్‌కాల్ ఉద్యమం బస్తరును కుదిపివేసింది. 1922 నుండి 1924 వరకు అల్లూరి సీతారామరాజు నాయకత్వాన మన్యం పోరాడింది. ప్రతి పోరాటం తరువాతా ఎవరో ఒకరు జయం తమదని ప్రకటించుకున్నారు. అడవి మాత్రం తన చనిపోయినవారిని పూడ్చుకొని, స్మారక శిలలు నిలుపుకొని, తిరిగి పోడు భూమిలోకి వెళ్లింది.

ఇటీవలి చరిత్ర ఇంకా పచ్చిగానే ఉన్నది. 2005లో సల్వాజుడుం మొదలైన తరువాత కుంట ప్రాంతపు పల్లెలు అనేకం ఖాళీ అయ్యాయి. కొందరు శిబిరాలకు చేరారు. కొందరు అడవి లోతుకు వెళ్లారు. మరికొందరు సరిహద్దు దాటి నాటి ఖమ్మం జిల్లా అడవులలో గుడిసెలు వేసుకున్నారు. ఆదివాసి యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించి పోరులోకి దింపడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జులై 5న సర్వోన్నత న్యాయస్థానం తీర్పు చెప్పింది. అయినా నెత్తురు ఆగలేదు. 2018 మార్చి 13న కిష్టారం సమీపంలో మందుపాతర పేలి కేంద్ర రిజర్వు పోలీసు దళానికి చెందిన 9 మంది జవాన్లు ప్రాణాలు కోల్పోయారు. ఆ నాడు దేశం నలుమూలల ఏయే ఇండ్లలో ఏడుపు వినిపించిందో, అంతకు ముందు ఎన్నో ఏండ్లుగా ఈ అడవిలోని ఏయే గుడిసెలలో వినిపించిందో, ఆ ఏడుపుల మధ్య భాషాభేదమే తప్ప వేరే భేదం లేదు.

ఇటువంటి చోట ‘చెడు మీద అంతిమ విజయం’ అనే మాట ఎవరి నోట ఏ అర్థంతో వస్తుంది? ఆ పాట ఈ అడవికి ఏ దారిన వచ్చిందో ముందుగా తెలుసుకోవడం ఉచితం.

19వ శతాబ్ది మధ్యకాలంలో ఎగువ గోదావరిని నౌకాయానానికి అనువుగా మలచాలని ప్రభుత్వం తలపెట్టింది. అందులో భాగంగా దుమ్ముగూడెం వద్ద ఆనకట్ట పని సాగింది. ఆ పనులు చూసిన ఇంజనీరు హేగ్ భక్తిపరుడు. నదిని పడవలకు అనువుగా చేసే ఆలోచన మధ్యలోనే ఆగిపోయినా, ఆయన చొరవతో 1860ల తొలి సంవత్సరాలలో మొదలైన కోయ మిషన్ నిలిచింది. కోయల మధ్య తొలినాళ్లలో బోధ చేసినవారిలో రాజు అనే తెలుగు క్రైస్తవుడు ముఖ్యుడు. తరువాత వచ్చిన జాన్ కెయిన్ దుమ్ముగూడెంలో దీర్ఘకాలం నివసించి కోయల భాషను, ఆచారాలను శ్రద్ధగా నమోదు చేశాడు. 1909లో వెలువడిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథంలో ఎడ్గర్ థర్‌స్టన్ కోయలను గురించి వ్రాసినప్పుడు కెయిన్ వ్రాతలనే ప్రధానంగా ఆశ్రయించాడు. కాలక్రమేణ ఈ ప్రాంతం దోర్నకల్ అధ్యక్ష మండలంలో చేరింది. 1912 డిసెంబరు 29న ఆ మండలానికి బిషప్పుగా అభిషిక్తుడైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు.

పాట విషయానికి వస్తే, తెలుగు క్రైస్తవ కీర్తనకు ఆదిపురుషుడనదగిన పురుషోత్తమ చౌదరి 1803లో జన్మించి 1890లో మరణించాడు. వైష్ణవ సంప్రదాయంలో పెరిగిన ఆయన 1833లో క్రైస్తవం స్వీకరించాడు. మతం మారినా చెవి మారలేదు. ఆయన కీర్తనలకు పల్లవి, అనుపల్లవి, చరణాలు ఉంటాయి. తలకట్టున రాగం, తాళం పేర్లు ఉంటాయి. తరువాత కూర్చిన ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ అనే పుస్తకం ఆ మర్యాదనే పాటించింది. మైదానాలలో పుట్టిన ఆ కీర్తనలు అడవికి వచ్చేసరికి తాళం మార్చుకొన్నాయి. రేల పాటకు అడుగు వేసే పాదం కీర్తన తాళాన్ని తన నడకలోకి తెచ్చుకుంది. ఎవరూ నేర్పని ఈ మార్పు పాట స్థిరపడిందనడానికి గుర్తు.

ఇక ఆ పాట వెనుక ఉన్న గ్రంథాన్ని చూద్దాం. బైబిలులో చివరిదైన ప్రకటన గ్రంథం అంతిమ విజయాన్ని వర్ణిస్తుంది. రోమను సామ్రాజ్యపు కాలంలో, పత్మాసు ద్వీపంలో ఉన్న యోహాను చూచిన దర్శనంగా అది వ్రాయబడింది. చదువరులు నేటి టర్కీ ప్రాంతంలోని ఏడు పట్టణాల చిన్నచిన్న సంఘాలవారు. వారిలో రాజులు లేరు, సేనాపతులు లేరు. కొందరు చెరలో ఉన్నారు. కొందరు చంపబడ్డారు. అటువంటి వారి చేతికి ఒక జయగీతాన్ని ఇవ్వడమే ఆ గ్రంథం చేసిన సాహసం. ‘హల్లెలూయా’ అనే హీబ్రూ మాటకు యెహోవాను స్తుతించుడని అర్థం. నేడు క్రైస్తవ ప్రపంచమంతటా అడుగడుగునా వినిపించే ఈ మాట క్రొత్త నిబంధనలో ప్రకటన గ్రంథం 19వ అధ్యాయంలో తప్ప మరెక్కడా లేదు. అక్కడ నాలుగు పర్యాయాలు వస్తుంది. 1742లో డబ్లిన్ నగరంలో తొలిసారి వినిపించిన హాండెల్ ‘మెస్సయ్య’ గానంలోని సుప్రసిద్ధ బృందగీతానికి ఆధారం ఈ గ్రంథమే. నేటికీ ఆ గీతం వినిపించినప్పుడు శ్రోతలు లేచి నిలబడే వాడుక ఉన్నది. సంగీతశాలలలో వాద్యాలతో మ్రోగే ఆ గీతం ముందుగా నిలువ నీడలేనివారి కోసం పుట్టిందని మాత్రం చాలామందికి స్ఫురించదు.

ఆ నాలుగు హల్లెలూయాలకు ముందు అధ్యాయంలో ఒక మహానగర పతనం ఉన్నది. గ్రంథకర్త దానిని బబులోను అన్నాడు గాని, ఆనాటి పాఠకులకు అది రోము అని తెలుసు. నగరం కూలిపోతే వర్తకులు ఏడుస్తారు. తమ సరకులు కొనేవారు లేరని వారి దుఃఖం. ఆ సరకుల పట్టీ దీర్ఘమైనది: బంగారం, వెండి, ముత్యాలు, దంతం, విలువగల కలప, ఇత్తడి, ఇనుము, సుగంధద్రవ్యాలు, ధాన్యం, పశువులు. పట్టీ చివర మనుషుల ప్రాణాలు ఉంటాయి. కలప, ఇనుము మొదలుకొని మనిషి వరకు అన్నిటికీ ధర కట్టిన వ్యవస్థనే ఆ గ్రంథం దుష్టత్వమని పిలిచింది. టేకు దుంగలు, తునికాకు కట్టలు, ఇనుప ఖనిజం తరలిపోవడం తరతరాలుగా చూసిన అడవి మనిషికి ఈ పట్టీ చదివి వినిపిస్తే వేరే వ్యాఖ్యానం అవసరం ఉండదు.

మరొక విశేషం కూడా గమనించదగినది. ఆ గ్రంథంలో ఒక పెద్ద, సింహం జయించినదని ప్రకటిస్తాడు. యోహాను తల తిప్పి చూస్తే సింహం కనిపించదు. వధింపబడినట్లున్న ఒక గొర్రెపిల్ల నిలిచి ఉంటుంది. జయించినది అదే. చివరి యుద్ధానికి వచ్చిన అశ్వికుడి వస్త్రం పోరు మొదలు కాకముందే రక్తంతో తడిసి ఉంటుంది. అది అతని సొంత రక్తమేనని వ్యాఖ్యాతలు పలువురు అర్థం చెప్పారు. అతని ఖడ్గం చేతిలో లేదు, నోటిలో ఉన్నది. అనగా అది మాటే తప్ప ఆయుధం కాదు. ఆ గ్రంథంలో ప్రతీకార చిత్రాలు లేవని చెప్పడం నిజం కాదు. ఉన్నాయి, భయంకరంగానే ఉన్నాయి. కాని వాటి నడుమ సింహాసనం మీద ఉన్నది చంపినవాడు కాదు, చంపబడినవాడు. ఈ ఒక్క విషయం మిగిలిన చిత్రాలన్నిటినీ ఎలా చదవాలో నిర్ణయిస్తుంది.

కోయవానికి బలి అంటే పుస్తకంలోని మాట కాదు. విత్తనాల పండుగనాడు, కొత్తల పండుగనాడు కోడినో మేకనో వేల్పుకు అర్పించి, ఆ మాంసం ఊరంతా పంచుకోవడం అతడు పుట్టిననాటి నుండి చూచినదే. బలి అయినది తిరిగి లేవదని అతనికి తెలుసు. కనుక వధింపబడిన గొర్రెపిల్ల నిలిచి ఉన్నదని విన్నప్పుడు ఆ మాటలోని వింతను నగరవాసి కన్న అతడే ముందుగా పట్టుకుంటాడు. రాయి విషయం కూడా అటువంటిదే. బస్తరు ఆదివాసుల సంప్రదాయంలో చనిపోయినవారి కోసం రాయి నిలుపుతారు. పునరుత్థాన కథలో సమాధి రాయి దొర్లిపోతుంది. రాయి నిలిపి జ్ఞాపకం కాపాడుకొనే జాతికి, రాయి దొర్లిన కథ తన సంప్రదాయాన్ని తోసిపుచ్చినట్లు తోచదు, తన సంప్రదాయం అడిగిన ప్రశ్నకు బదులు దొరికినట్లు తోస్తుంది.

శత్రువు బొమ్మ లేని విజయోత్సవం ఈ నేలకు కొత్త కాదన్నది కూడా చెప్పుకోవాలి. జగదల్‌పూరులో 75 రోజులు సాగే బస్తరు దసరాలో రావణ దహనం లేదు. అది దంతేశ్వరీ దేవి పండుగ. వివిధ గ్రామాల వేల్పులు తరలి వస్తాయి, వందలాది మంది కలిసి మహారథాన్ని లాగుతారు, ఎవరినీ తగులబెట్టరు. విజయం అంటే ఓడినవాని దేహం కానవసరం లేదని ఈ అడవి తన పద్ధతిలో ఎప్పుడో తెలుసుకొన్నది.

ఇదంతా గ్రంథాల మాట. సరిహద్దుకు ఇవతల ఒక గూడెంలో జరిగిన చిన్న సంగతి ఈ మాటలన్నిటి కన్న సూటిగా చెబుతుంది.

ఆ గూడెంలో ఒక ముసలి స్త్రీ ఉన్నది. సల్వాజుడుం రోజులలో కిష్టారం వైపు నుండి నడిచి వచ్చిన కుటుంబాలలో ఆమెది ఒకటి. వచ్చేనాటికి ఆమెకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు శిబిరంలో చేరి ప్రత్యేక పోలీసు అయ్యాడు, కాల్పులలో పోయాడు. చిన్నవాడు అంతకు ముందే దళంలోకి వెళ్లాడు. అతని కబురు మరి రాలేదు. ఒకరి సమాధి సరిహద్దుకు ఆవల శిబిరం పక్కన ఉన్నది. ఒకరికి సమాధి ఉన్నదో లేదో తెలియదు. ఇవతలికి వచ్చిన కొన్నేండ్లకు ఆమె గూడెంలోని చిన్న ప్రార్థనా మందిరంలో బాప్తిస్మం పొందింది. చదువు రాదు. పాటలన్నీ నోటికి వచ్చు.

పునరుత్థాన పండుగ వేకువన అందరితో పాటు ఆమె కూడా సమాధుల తోటకు వెళుతుంది. అందరూ తమ తమ సమాధుల దగ్గర కూర్చుంటే ఆమె తోట అంచున, ఎవరి సమాధీ లేని నేల మీద, ఉత్తరం వైపు తిరిగి కూర్చుంటుంది. పాట మొదలవుతుంది. పల్లవి పాడుతుంది. యేసు లేచాడన్న చరణం గొంతెత్తి పాడుతుంది. శత్రువు ఓడి నేల కూలెనన్న చరణం వచ్చినప్పుడు మాత్రం నోరు మూసుకుంటుంది. మరుసటి చరణం నుండి తిరిగి అందుకుంటుంది.

ఆ సంఘపు ఉపదేశి ఒక ఏడు కనిపెట్టాడు, మరుసటి ఏడు కనిపెట్టాడు. మూడవ ఏడు పండుగ వెళ్లిన తరువాత ఆమె గుడిసె ముందు కూర్చొని అడిగాడు.

“అవ్వా, ఆ చరణం రాదా నీకు?”

“వస్తది అయ్యగారూ. అన్నీ వస్తయి.”

“మరి పాడవేం?”

ఆమె చాలాసేపు ఇప్పపూలు చాటలో ఆరబోస్తూ ఉండిపోయింది. తరువాత అన్నది: “ఎవరు ఓడాలె అయ్యగారూ? ఇద్దరూ నా కడుపున పుట్టినోళ్లే.”

ఉపదేశి వద్ద జవాబు లేకపోయింది. శత్రువు అన్న మాటను ఏండ్ల తరబడి ఆయన వేదిక మీద నుండి సులువుగా పలికాడు. విన్నవారు తమ తమ శత్రువులను తలచుకొని తల ఊపారు. ఇద్దరు కొడుకులు చెరొక వైపున ఉన్న తల్లికి ఆ మాట ఏ వైపు తిరిగినా తన కడుపునే తగులుతుందని ఆయనకు తోచలేదు. మనుషులను రెండుగా చీల్చి ఒక సగాన్ని చెడు అని పిలిచే ఏ జయగీతమూ ఆ తల్లి నోట పలకదు. ఆమె మౌనం అవిశ్వాసం కాదు. పాట ఏమి చెబుతున్నదో నిజంగా విన్నది ఆమె ఒక్కతే.

ఆయన తిరిగి పుస్తకం తెరిచాడు. పౌలు కొరింథు సంఘానికి వ్రాసిన మొదటి పత్రికలో 15వ అధ్యాయం ఉన్నది. అది మొదటి నుండి చివరి వరకు పునరుత్థానాన్ని గురించే. అందులో కడపటి శత్రువు ఎవరో పౌలు పేరు పెట్టి చెబుతాడు. అది మరణం. ఎఫెసు సంఘానికి వ్రాసిన పత్రికలో, మన పోరాటం రక్తమాంసాలు గల మనుషులతో కాదని చెబుతాడు. ఉపదేశికి ఈ రెండు చోట్లూ కొత్తవి కావు. అనేక పర్యాయాలు బోధించినవే. కాని ఆ తల్లి ప్రశ్న వెలుగులో ఇదివరకెన్నడూ చదవలేదు. మరుసటి ఆదివారం ఆరాధన ముగిసిన పిదప ఆయన ఆమె వద్దకు వెళ్లి చెప్పాడు: “అవ్వా, ఆ చరణంలో ఓడిపోయేది మనిషి కాదు, సావు. పెద్దోణ్ణి తీసుకుపోయిన సావు, చిన్నోణ్ణి దాచిపెట్టిన సావు.”

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. “సావేనా?” అని మరల అడిగింది. “సావు ఓడాలెననే అయితే, పాడొచ్చు.”

దుష్టత్వం మీద అంతిమ విజయానికి దేవుని స్తుతించడమనే మాటకు ఇంతకన్న సూక్ష్మమైన వ్యాఖ్యానం వేదాంత కళాశాలలలో లభిస్తుందో లేదో సందేహమే. అంతిమ విజయం దేవునిదని ఒప్పుకొంటే, మనిషి తన గెలుపును అంతిమమని చెప్పుకొనే హక్కు వదులుకోవాలి. శత్రువును నిర్మూలించానని ఏ పక్షం ప్రకటించినా, ఆ పాట నమ్రంగానే అడ్డుపడుతుంది. నీవు గెలిచినది ఒక పోరు మాత్రమే, నీవు పూడ్చినది ఒక తల్లి కొడుకును, కడపటి శత్రువు ఇంకా ఉన్నాడని గుర్తుచేస్తుంది. అదే సమయంలో, ఓడినవానికి కూడా చివరి మాట ఇంకా మిగిలి ఉన్నదని ధైర్యం చెబుతుంది.

ఇటువంటి నిరీక్షణ మనిషిని చేతులు ముడుచుకొని కూర్చోబెడుతుందన్న విమర్శ ఒకటి ఉన్నది. జయం ఎప్పుడో దేవుడు ఇస్తాడని నమ్మినవాడు నేటి అన్యాయాన్ని ఎందుకు ఎదిరిస్తాడని విమర్శకుల ప్రశ్న. ప్రశ్న న్యాయమైనదే. ఆ పాటను మత్తుగా వాడుకొన్నవారు చరిత్రలో లేకపోలేదు. కాని దోర్నకల్ అనుభవం వేరొక సంగతి చెబుతుంది. అజరయ్య తన పల్లె సంఘాలకు జయాన్ని గురించి బోధించినప్పుడు చెడును ఆకాశంలో చూపించలేదు. త్రాగుడు, అప్పు, మురికి, అంటరానితనం, భయం అని పేర్లు పెట్టి పల్లెలోనే చూపించాడు. ఈ పట్టీలో భయం ముఖ్యమైనది. చేతబడి చేశారన్న అనుమానంతో పొరుగువానిని కొట్టి చంపిన ఘటనలు ఈ అడవి ప్రాంతాలలో ఎన్నో. చెడు శక్తికి చివరి మాట లేదని నిజంగా నమ్మినవానికి పొరుగింటి ముసలిదానిని చూసి భయపడవలసిన పని లేదు. భయం పోయిన చోట మొదట నిలిచిపోయేది హత్య. అంతిమ విజయపు స్తుతి ఇక్కడ చేసే మొదటి పని ఇదే. సామాన్యంగా కనిపించినా ఇది ప్రాణాలు కాపాడే పని.

పాటకు పరీక్ష బయటి నుండి కూడా వస్తుంది. బస్తరులో కొన్ని పల్లెలలో క్రైస్తవులైనవారిని ఊరి శ్మశానంలో పూడ్చిపెట్టడం వివాదమైంది. అటువంటి ఒక వ్యవహారం సర్వోన్నత న్యాయస్థానం వరకు వెళ్లింది. తన తండ్రిని సొంత ఊరిలో పూడ్చుకోవాలని ఒక కుమారుడు కోరాడు. మృతదేహం వారాల తరబడి శవాగారంలో ఉండిపోయింది. 2025 జనవరి 27న ఇద్దరు న్యాయమూర్తులు భిన్నమైన తీర్పులు చెప్పి, దేహం మరింత కాలం నిరీక్షించడం తగదని తలచి, 20 నుండి 25 కిలోమీటర్ల దూరంలో ఉన్న క్రైస్తవ శ్మశానంలో ఖననం జరగాలని ఆదేశించారు. ఊరివారికి తమ వేల్పుల నేలను గురించిన ఆందోళన ఉన్నది. కుమారునికి తన పూర్వుల నేల మీది మమకారం ఉన్నది. రెండూ మట్టిని ప్రేమించినవారి మాటలే. సమాధి ఎక్కడ ఉండాలన్న దాని మీదనే మనుషులు ఇంతగా నలిగిపోయే నేల మీద, సమాధి గెలవబడిందని పాడడం తేలిక కాదు. ఆ పాట పాడేవారు ఎదుటివాని మమకారాన్ని కూడా గౌరవించగలిగినప్పుడే అది జయగీతమవుతుంది. లేనిపక్షంలో అది మరొక యుద్ధనినాదమై మిగులుతుంది.

ప్రకటన గ్రంథం యుద్ధంతో ముగియదు, ఒక చెట్టుతో ముగుస్తుంది. నది ఒడ్డున నెలనెలా ఫలించే జీవవృక్షం అది. దాని ఆకులు జనాంగాలను స్వస్థపరచడానికని యోహాను వ్రాశాడు. పండ్లను గురించి చెప్పినవాడు ఆకులను కూడా మరువలేదు. ఆకుతో విస్తరి కుట్టి, ఆకుతో గాయం కట్టి, తునికాకు అమ్మి బియ్యం కొనుక్కొనే జాతికి ఈ చివరి చిత్రం ఎంత దగ్గరిదో చెప్పనవసరం లేదు. విజయం తరువాత మిగిలేది జెండా కాదు, మందాకు. గెలిచినవానికీ ఓడినవానికీ ఒకే చెట్టు నుండి అది లభిస్తుంది.

మరుసటి ఏడు పునరుత్థాన పండుగ వేకువన ఆ ముసలి స్త్రీ ఎప్పటివలెనే తోట అంచున కూర్చున్నది. అంతకు ముందు ఏండ్లలో ఒక కొవ్వొత్తి తెచ్చుకొనేది. ఈసారి రెండు తెచ్చుకున్నది. వట్టి నేల మీద రెండింటినీ పక్కపక్కనే నిలిపింది. పల్లవి పాడింది. యేసు లేచాడన్న చరణం పాడింది. శత్రువు ఓడిన చరణం వచ్చినప్పుడు ఉపదేశి తాళం ఆపి ఆమె వైపు చూశాడు. ఆమె తల వంచుకొని, గొంతు తగ్గించి, ఆ చరణం కూడా పాడింది.

పాట ముగిసి, ప్రార్థన ముగిసి, అందరూ ఇండ్లకు మరలేసరికి తూర్పు తెల్లబడింది. ఆమె కొవ్వొత్తులు ఆర్పలేదు. పక్కన పెట్టుకున్న గంప తీసుకొని ఇప్పచెట్టు వైపు నడిచింది. ఎండ ఎక్కకముందే పూలు ఏరుకోవాలి.